సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఏది ముందు, ఏది తర్వాత

కర్నూలు మార్కెట్ యార్డు దగ్గర ఉల్లి కమీషను దుకాణం నడిపే మా బావగారి కంప్యూటరు పాతది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఆ యంత్రం సరిపోదు. అందువల్ల దానిలో విండోస్‌కు బదులుగా నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను, దాని సిన్నమన్ రూపంలో, ఎక్కించి, అమరికలన్నీ నేనే చేశాను. కమాండ్లు టైపు చేయకుండానే, మెనూలో కనిపించే సిస్టమ్ సెట్టింగ్స్ ద్వారా ఈ పని దాదాపు పూర్తవుతుంది. అయితే ఏది ముందు చేయాలో తెలిసి చేస్తే శ్రమ సగం తగ్గుతుంది.

ఆ కిటికీ తెరవగానే అప్పియరెన్స్, ప్రిఫరెన్సెస్, హార్డ్‌వేర్, అడ్మినిస్ట్రేషన్ అనే నాలుగు భాగాలు కనిపిస్తాయి. రంగులు, అక్షరాలు, కీబోర్డు వంటివి చాలావరకు మీ ఖాతాకు మాత్రమే వర్తిస్తాయి కనుక పొరపాటు జరిగినా వెంటనే వెనక్కి మార్చుకోవచ్చు. అడ్మినిస్ట్రేషన్‌లోని అమరికలు యంత్రం మొత్తాన్ని తాకుతాయి కాబట్టి పాస్‌వర్డ్ అడుగుతాయి. అది అడిగినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, తెర మీద ఉన్నది మరోసారి చదవండి. ఒకసారికి ఒకే మార్పు చేసి, దాని ఫలితం చూశాకే మరో దాని జోలికి వెళ్ళండి.

అన్నిటికన్నా ముందు మెనూలో టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే వ్యవస్థ ఫైళ్ళ నకలు, తీయాలి. తర్వాత ఏ అమరిక చెడినా, వ్యవస్థను ఆనాటి స్థితికి తేవచ్చు. రెండో హార్డ్ డిస్కు ఉంటే దానిలోనే దాచడం మేలు. అది ఈఎక్స్‌టీ4 వంటి లినక్స్ పద్ధతిలో ఫార్మాటయి ఉండాలి. అయితే టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డరును, అంటే మీ పత్రాలను, లెక్కలను దాచదు. వాటికి వేరే నకలు తీసి దుకాణంలో కాకుండా మరోచోట ఉంచండి. 2009 అక్టోబరులో వరద నీళ్ళు కర్నూలు వీధులను ముంచినప్పుడు కాగితాలు ఏమయ్యాయో చూసినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత తేదీ, సమయం. ప్రాంతంగా కోల్‌కతాను ఎంచుకుని, నెట్‌వర్క్ సమయాన్ని ఆన్ చేయండి. గడియారం తప్పితే బిల్లు మీద తేదీ తప్పడమే కాక, బ్రౌజరు బ్యాంకు సైట్లను కూడా నమ్మదగినవి కావని తోసిపుచ్చుతుంది. నెట్ లేనప్పుడు, స్విచ్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే అమరికలతో కుస్తీ పట్టకండి; మదర్‌బోర్డు మీద ఉండే నాణెం వంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది, దానిని మార్పించండి.

తెలుగు టైపింగు విషయంలో తొందర పనికిరాదు. కీబోర్డులోని లేఅవుట్స్‌కు వెళ్ళి, ప్లస్ గుర్తు నొక్కి, తెలుగును చేర్చండి. ఇంగ్లీషును తీసివేయకండి, పాస్‌వర్డులకు అది కావాలి. రెండింటి మధ్య మారేందుకు ఏ మీటలు కావాలో ఆప్షన్స్‌లో నిర్ణయించుకోవచ్చు. ఇలా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ అనే, భారతీయ భాషల కీబోర్డు అమరిక. దీనిలో కె మీద క, జె మీద ర, వి మీద న, ఎన్ మీద ల ఉంటాయి. డి నొక్కితే పొల్లు వస్తుంది. కె, జె, డి, వి, టి, ఎన్, జి వరసగా నొక్కితే తెర మీద కర్నూలు అని పడుతుంది. మా బావగారు ఈ ఒక్క మాటనే పది సార్లు కొట్టి, ఆ తర్వాత రైతుల పేర్లు మొదలుపెట్టారు. ఒత్తులు చిన్నవిగా కనిపించి చదవడం కష్టమైతే, ఫాంట్ సెలెక్షన్‌లోని టెక్స్ట్ స్కేలింగ్ విలువను 1.2 వరకు పెంచండి. తెర రెజల్యూషన్‌ను మాత్రం తగ్గించకండి, అలా చేస్తే అక్షరాలు మసకబారతాయి.

కరెంటు నమ్మకం లేని చోట పవర్ మేనేజ్‌మెంటును నిర్లక్ష్యం చేయకూడదు. సస్పెండ్ అయిన యంత్రం, తెరిచి ఉన్న పనిని మెమరీలోనే పట్టుకుని ఉంటుంది. ఆ మెమరీకి కరెంటు అందుతూనే ఉండాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ సస్పెండ్‌లో ఉండగా కరెంటు పోతే, సేవ్ చేయనిదంతా పోయినట్టే. కాబట్టి వాడకం లేనప్పుడు సస్పెండ్ అవడాన్ని నెవర్ అని పెట్టి, పది నిమిషాలకు తెర మాత్రం ఆరిపోయేలా చేయండి.

ప్రింటరును యూఎస్‌బీతో కలిపితే చాలా వరకు తనంతట తానే చేరిపోతుంది. చేరకపోతే ప్రింటర్స్‌లో యాడ్ నొక్కండి. నెట్ ద్వారా బయటినుంచి వచ్చే అనవసర కనెక్షన్లను ఆపే ఫైర్‌వాల్‌ను ఒక్క మీటతో ఆన్ చేయవచ్చు, చేయండి.

చివరగా యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో, దుకాణంలో లెక్కలు రాసే కుర్రవాడికి స్టాండర్డ్ రకం ఖాతా వేరుగా తెరవండి. ఆ ఖాతా నుంచి అతని పని అంతా సాగుతుంది, వ్యవస్థ అమరికలు మాత్రం మారవు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డును మీ దగ్గరే ఉంచుకోండి. ఇవన్నీ సరిగ్గా పని చేస్తున్నాయని ఒక రోజు చూసుకుని, టైమ్‌షిఫ్ట్‌లో రెండో స్నాప్‌షాట్ తీయండి. మారిన ఫైళ్ళనే అది కొత్తగా దాచుతుంది కనుక మొదటిసారి పట్టినంత సమయం పట్టదు.