నైరూప్య చిత్రకారుడైన గురువును సన్మానించాలనుకుంటే

సన్మానం అనగానే మనకు పూలదండ, శాలువా, జ్ఞాపిక, ప్రశంసాపత్రం వరుసగా గుర్తుకొస్తాయి. వాటిలో తప్పేమీ లేదు గాని, దశాబ్దాల తరబడి నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రాలు వేస్తూ, మరోవైపు తరగతి గదిలో తరాలను తయారుచేసిన గురువుకు అవి చాలవు. అటువంటి సభల్లో వక్తలు “మాస్టారి బొమ్మలు మాకు అర్థం కావు గాని, మనిషి మాత్రం బంగారం” అని తేల్చేయడం పరిపాటి. అది జీవితకాలపు పనిని పక్కన పెట్టి స్వభావాన్ని పొగడటమే అవుతుంది. అందువల్ల పూర్వ విద్యార్థులు ముందుగా సింహావలోకన ప్రదర్శనను, అంటే తొలినాటి నుంచి నేటివరకు ఆయన వేసిన చిత్రాలను ఒకచోట చూపే ప్రదర్శనను తలపెట్టి, సభను దానికి అనుబంధంగా ఉంచుకోవడం మంచిది.

గురువుగారి సమ్మతి తీసుకున్న వెంటనే మొదలుపెట్టవలసిన పని చిత్రాల జాబితా. అన్నిటికంటే ఎక్కువ సమయం తినేదీ, అందరూ చివరికి వాయిదా వేసేదీ ఇదే. 1972 నుంచి 1990లో మరణించేవరకు బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో బోధించిన నైరూప్య చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ తన చిత్రాల్లో చాలావాటికి పేరు గాని తేదీ గాని పెట్టలేదు. 2016లో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మ్యూజియం ఆమె ప్రదర్శనతో తలుపులు తెరిచేనాటికి ఆమె కీర్తి ఖండాలు దాటింది గాని, ఏ గీత ఏ ఏటిదో చెప్పడానికి పరిశోధకులు శైలిని బట్టి ఊహించవలసి వస్తోంది. మీ గురువు ఎదురుగా ఉండగానే అడిగి రాసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రతి చిత్రాన్నీ ముందువైపే కాక వెనుకవైపు కూడా ఫోటో తీయాలి. క్యాన్వాస్ వెనుక చెక్క చట్రం మీద పెన్సిల్‌తో వేసిన బాణం గుర్తు, ఎప్పటిదో ప్రదర్శన చీటీ సగం చిరిగిన ముక్క, కొట్టేసి తిరగరాసిన ధర వంటివి చిత్రచరిత్రకు ఆధారాలు. నైరూప్య చిత్రానికి ఆ బాణం మరీ ముఖ్యం, ఎందుకంటే ఏది పైవైపో చెప్పడానికి అందులో చెట్టూ ఉండదు, మనిషీ ఉండడు. కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తరువాత రాయాలి. రంగుల మాధ్యమం, సంవత్సరం, ప్రస్తుతం ఎవరి వద్ద ఉన్నదీ చేర్చాలి. ఇతరుల ఇళ్ల నుంచి తెచ్చే చిత్రాలకు రాతపూర్వకమైన అంగీకారపత్రం, తెచ్చిననాటి స్థితిని చూపే ఫోటోలు తప్పనిసరి. రవాణాలో బబుల్ ర్యాప్ బుడగలు నేరుగా రంగుకు తగలకూడదు. వేసవిలో వాటి గుండ్రటి అచ్చులు రంగు మీద పడే ప్రమాదం ఉంది కనుక, ముందు గ్లాసిన్ అనే నున్నటి పలుచని కాగితం వేసి ఆపైన చుట్టాలి.

ఎంపికలో ఆశ పనికిరాదు. గోడ నిండా ఇరికించిన ఎనభై చిత్రాల కంటే చుట్టూ ఖాళీ వదిలిన పాతిక చిత్రాలు గురువుకు ఎక్కువ గౌరవం. వాటిలో ఆకృతులు ఇంకా కనిపించే తొలినాటి పనులు కొన్ని ఉండాలి. మద్రాసు చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ తొలి ప్రకృతిదృశ్యాలు చూసినవారికి, 1963 నుంచి ఆయన గీసిన ‘పదాలు, చిహ్నాలు’ చిత్రాల దారి తెలుస్తుంది. చివరి దశ మాత్రమే చూసినవారికి అది హఠాత్తుగా ఊడిపడినట్టు అనిపిస్తుంది. చిత్రాల మధ్యబిందువు నేలనుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా వేలాడదీస్తే నిలబడి చూసేవారి కంటికి అనువుగా ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన చిత్రాలకు దూరంగా, వీలైతే మరో గదిలో జరపాలి.

బోధనను చూపడం ఇంకా కష్టం, ఎందుకంటే అది గోడకు వేలాడదు. విద్యార్థుల పాత స్కెచ్ పుస్తకాల్లో గురువు దిద్దిన గీతలు, ఇచ్చిన అభ్యాసాలు, మార్జిన్లో రాసిన రెండు ముక్కలు సేకరించి గాజు బల్లలో పెట్టవచ్చు. పణిక్కర్ 1957 నుంచి మద్రాసు చిత్రకళా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉండి, 1966లో తోటి చిత్రకారులతో, శిష్యులతో కలిసి చోళమండలం కళాగ్రామాన్ని స్థాపించారు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు ఆయన వద్ద చదివి, లండన్‌లోని స్లేడ్ చిత్రకళా పాఠశాలకు వెళ్లి, నైరూప్య చిత్రకారుడిగా పేరు తెచ్చుకుని 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలా శిష్యుల పని కూడా గురువు బోధనకు ఆనవాలే. అయితే వారి చిత్రాలు వేరే గదిలో, ఒక్కొక్కరివి ఒక్కటి చొప్పున ఉంటే చాలు. గురువు గోడ మీద చోటు కోసం పోటీ పడే శిష్యులను సున్నితంగానైనా నిరాకరించక తప్పదు.

ఆహ్వానపత్రం, ఫ్లెక్సీ, సన్మాన సంచికల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. నైరూప్య చిత్రాన్ని డిజైన్‌లా భావించి అంచులు కత్తిరించడం, దానిమీద అతిథుల పేర్లు అచ్చువేయడం మన ముద్రణాలయాల్లో మామూలే. చిత్రం అమ్ముడైనా, ప్రత్యేకంగా రాసి ఇస్తే తప్ప, సాధారణంగా కాపీరైటు చిత్రకారుడిదే. 1957 చట్టం ప్రకారం అది ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు కొనసాగుతుంది. అందుచేత అచ్చువేసే ప్రతి చిత్రానికీ ఆయన అనుమతి తీసుకుని, రంగుల ప్రూఫును (నమూనా అచ్చును) అసలు చిత్రం పక్కన పెట్టి సరిచూడాలి.

సభలో ముగ్గురు వక్తలు చాలు. ఒక్కొక్కరిని ఒక్కో చిత్రం ముందు నిలబడి దాని గురించే మాట్లాడమనాలి. పద్మ పురస్కారానికి ప్రతిపాదన పంపాలనుకుంటే ఏ పౌరుడైనా ఆన్‌లైన్‌లో పంపవచ్చు. అందులో 800 పదాలకు మించకుండా రాయవలసిన పరిచయానికి మీరు తయారుచేసిన జాబితా, తేదీలు నేరుగా ఉపయోగపడతాయి. ప్రదర్శన ముగిశాక ప్రతి చిత్రాన్నీ తొలినాటి ఫోటోలతో పోల్చి, యజమాని సంతకంతో తిరిగి అప్పగించి, జాబితా ప్రతులను గురువుగారి కుటుంబానికి, ఆయన పనిచేసిన కళాశాల గ్రంథాలయానికి ఇవ్వాలి.