బ్రాట్‌వుర్స్ట్ పొడిపొడిగా వచ్చిందా, పగిలిందా? ఇంట్లో జర్మన్ సాసేజ్: సమస్య - పరిష్కారం

తప్పు ఎక్కడ జరిగిందో వెతికే ముందు సరైన కొలత చేతిలో ఉండాలి. నేనుండేది జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర. ఇక్కడి తరహా ముతక బ్రాట్‌వుర్స్ట్‌కి కిలో లెక్కన నేను వేసేవి ఇవి: పంది భుజం మాంసం 700 గ్రాములు, వీపు కొవ్వు 300 గ్రాములు, ఉప్పు 18 గ్రాములు, తెల్ల మిరియాల పొడి 2 గ్రాములు, ఎండు మరువం 2 గ్రాములు, చిటికెడు జాపత్రి, దంచిన ఐసు 50 గ్రాములు. అవును, మన మరువమే. మల్లెల మధ్య పెట్టి మాల కట్టే ఆ ఆకే ఇక్కడ సాసేజ్‌కి ప్రాణం. బ్రాట్‌వుర్స్ట్ కొరికితే అమ్మ జడ గుర్తుకు రావడం కాస్త ఇబ్బందే, ఏం చేస్తాం.

సమస్య: లోపల పొడిపొడిగా ఉంది, పెనంలో మాత్రం నూనె మడుగు కట్టింది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. నా మొదటి రెండు కిలోలూ ఇలాగే పోయాయి. ఎండాకాలం, ఏసీ లేని వంటగది, ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బల్ల మీదే ఉంచిన మాంసం. ఇంకేం కావాలి?

ఉప్పు తగిలినప్పుడు మాంసంలోని ప్రొటీన్ బయటికొచ్చి బంకలా తయారవుతుంది. నీళ్లనూ కొవ్వునూ పట్టి ఉంచేది ఆ బంకే. కొవ్వు చల్లగా ఉంటే కీమా కొట్టే మర యంత్రంలో ముక్కలుగా తెగుతుంది. వేడెక్కితే తెగదు, మెత్తబడి మాంసానికంతా పూసుకుపోతుంది. అప్పుడు బంక పట్టదు. సాసేజ్ వేడి తగలగానే కొవ్వంతా కారిపోయి, లోపల రంపపు పొట్టు మిగులుతుంది.

మాంసాన్నీ కొవ్వునూ చిన్న ముక్కలు కోసి, అంచులు గట్టిపడేదాకా, సుమారు గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టండి. మర యంత్రం బ్లేడు, జల్లెడ (మాంసం బయటికొచ్చే చిల్లుల బిళ్ల) కూడా అందులోనే పెట్టండి. కలిపేటప్పుడు థర్మామీటర్ గుచ్చి చూస్తూ ఉండండి, 12 డిగ్రీలు దాటకూడదు. దాటబోతుంటే పళ్లెంలో పలచగా పరిచి ఇరవై నిమిషాలు మళ్లీ ఫ్రీజర్‌లోకి. టెన్షన్ పడి త్వరగా ముగించేద్దామనుకుంటే ఇంకా చెడుతుంది.

అంతా చల్లగానే ఉన్నా ఇలాగే వస్తోందంటే బ్లేడు చూడండి. మాంసం జల్లెడలోంచి విడివిడి పోగులుగా రావాలి. ముద్దగా, గుజ్జులా వస్తోందంటే బ్లేడుకు నరాలు చుట్టుకున్నాయి, లేదా పదును పోయింది, లేదా తిరగేసి బిగించారు. బ్లేడు చదును వైపు జల్లెడకు ఆనుకొని ఉండాలి. నేను తిరగేసి బిగించినవాణ్నే.

ఒకసారి కాలాక విడిపోయిన సాసేజ్‌ని బాగుచేయలేం. పైపొరగా వాడిన పేగు చీల్చి, ఉల్లిపాయ పచ్చిమిర్చితో కీమా వేపుడు చేసుకోండి, బాగుంటుంది.

సమస్య: పొడిపొడిగానే ఉంది, కానీ నూనె కారలేదు

ఇది వేరే జబ్బు. సరిగ్గా కలపలేదు, లేదా కొవ్వు తక్కువైంది. ఉప్పు వేశాక నాలుగైదు నిమిషాలు గట్టిగా పిసకాలి, చేతివేళ్లు చలికి మొద్దుబారతాయి. ఒక ముద్ద అరచేతికి అద్ది చెయ్యి బోర్లిస్తే జారకుండా అంటుకుని ఉండాలి. ఆరోగ్యం పేరుతో కొవ్వంతా తీసేసేవాళ్లకు ఒక మాట: ఐదో వంతు కూడా లేకపోతే అది సాసేజ్ కాదు, పేగులో కూరిన ఎండు కీమా.

సమస్య: పేగు పగిలిపోతోంది

ముందు వేడి సంగతి చూడండి. ఉడికించేటప్పుడు నీళ్లు మరగకూడదు, 75 డిగ్రీల దగ్గర నిలపాలి. సాసేజ్ లావు ఎన్ని మిల్లీమీటర్లుంటే సుమారు అన్ని నిమిషాలు. మ్యూనిక్ తెల్ల సాసేజ్ వైస్‌వుర్స్ట్‌కీ ఇదే పద్ధతి. బుడగలొచ్చే నీళ్లలో వేస్తే పగులుతుంది, లేదా రుచంతా నీళ్లపాలవుతుంది. ఇలా ముందే ఉడికించినవాటిని తర్వాత పెనం మీద సన్నమంటన ఎర్రగా చేసుకోవచ్చు.

రెండో కారణం అతిగా కూరడం. నిండిన పేగును వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, ఎందుకంటే మెలి తిప్పేటప్పుడు ఇంకా బిగుస్తుంది. న్యూరెంబర్గ్ సాసేజ్ పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు మాత్రమే. దానికి వాడేది సన్నని గొర్రెపేగు, చూస్తుండగానే చిరుగుతుంది. కొత్తవాళ్లు 28-30 మిల్లీమీటర్ల పందిపేగుతో మొదలుపెట్టడం మేలు. గాలి బుడగలు కనిపిస్తే సూదితో ఒక్క పోటు చాలు.

సమస్య: పేగు రబ్బరులా సాగుతోంది

ఉప్పులో వేసిన పేగును సరిగ్గా నానబెట్టలేదు. ఉప్పు కడిగి, గోరువెచ్చని నీళ్లలో అరగంటైనా ఉంచి, లోపల్నుంచి కూడా నీళ్లు పంపండి. పేగును తేలిగ్గా తీసుకోకండి. జర్మనీలోనే మరో ప్రాంతమైన థురింజియా బ్రాట్‌వుర్స్ట్ గురించి దొరికిన పాత రాత 1404 నాటి ఆర్న్‌స్టాట్ సన్యాసినుల మఠం లెక్కల్లో ఉంది. అది మాంసం ఖర్చు కాదు, బ్రాట్‌వుర్స్ట్ పేగుల ఖర్చు.

సమస్య: కోస్తే లోపల బూడిద రంగు

ఇది సమస్యే కాదు. మామూలు ఉప్పుతో చేసిన బ్రాట్‌వుర్స్ట్ అలాగే ఉండాలి. గులాబీ రంగు నైట్రైట్ (మాంసం చెడకుండా వేసే రసాయనం) కలిపిన ఉప్పు వల్ల వస్తుంది, గ్రిల్ మీద కాల్చే సాసేజ్‌కి అది వద్దు.

కానీ ఎప్పుడైనా పొగబెట్టే రకాలకు వాడితే ఇక్కడ మాత్రం జాగ్రత్త. జర్మనీలో దొరికేదాంట్లో నైట్రైట్ 0.4 నుంచి 0.5 శాతమే, మామూలు ఉప్పు బదులు మొత్తం అదే వేస్తారు. అమెరికా వంటకాల్లో చెప్పే గులాబీ ఉప్పులో 6.25 శాతం, అది కిలోకి 2.5 గ్రాములే. రెండోదాన్ని మొదటిదాని కొలతలో వేస్తే పది రెట్లకు పైగా నైట్రైట్ పడుతుంది, విషమే. అలాగని పొగబెట్టే సాసేజ్‌లో నైట్రైట్ మానేయడమూ ప్రమాదమే. 1820లో వుర్టెంబర్గ్ వైద్యుడు యుస్టీనుస్ కెర్నర్ సాసేజ్ తిని చనిపోయినవాళ్ల కేసులు రాశాడు. వాళ్లను చంపింది బొటులిజం, నైట్రైట్ అడ్డుకునే క్రిమి వల్ల వచ్చే విషప్రభావం. ఆ పేరు లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచే వచ్చింది. ఎండబెట్టి పచ్చిగా తినే రకాల జోలికి మొదట్లో పోవద్దు.

సమస్య: ఉప్పు చాలలేదు, లేదా ఎక్కువైంది

పేగులోకి కూరక ముందే చిన్న బిళ్ల వేయించి రుచి చూడండి. కూరాక చేసేదేం లేదు.

సమస్య: పుల్లని వాసన, జిగట

పారేయండి. పచ్చివి ఆ రోజే వండాలి, లేదా ఫ్రీజర్‌లో పెట్టాలి. ఉడికించినవి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. వండేటప్పుడు మధ్యలో 72 డిగ్రీలు తాకిందో లేదో థర్మామీటర్‌తోనే చూడండి. పైన ఎర్రగా కాలిందని లోపల ఉడికినట్టు కాదు.