పాత రిమ్‌ఫైర్ రైఫిల్ ఏ కాలం నాటిదో తెలుసుకోవడం ఎలా?

పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు తెలుగు కుటుంబాల్లో ఎక్కడైనా తాతల నాటి .22 (గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.22 అంగుళం) రిమ్‌ఫైర్ రైఫిల్ మిగిలి ఉంటే, దాని వయసు గురించి అడిగినవారికి "బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది" అనే జవాబే వస్తుంది. మొదటి .22 షార్ట్ తూటా 1857లో వచ్చింది కనుక, ఆ ఒక్క మాటలో తొంభై ఏళ్లు ఇమిడిపోతాయి.

ముందుగా లైసెన్సుదారు చేతనే బోల్టు (గొట్టం వెనుక భాగాన్ని మూసే కడ్డీ) తెరిపించి, గొట్టంలో తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తరువాత బోల్టు ముఖాన్ని పరిశీలించాలి. రిమ్‌ఫైర్ తూటాలో పేలుడు మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది కాబట్టి, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను ఆ అంచుకు తగిలేలా పక్కకు ఉంటుంది. పిన్ను సరిగ్గా నడిమధ్యన ఉంటే అది సెంటర్‌ఫైర్ రైఫిల్.

గొట్టం మీద రాసి ఉన్న తూటా పేరు మంచి ఆధారం. .22 లాంగ్ 1871లోనూ, .22 లాంగ్ రైఫిల్ 1887లోనూ వచ్చాయి. అందువల్ల లాంగ్ రైఫిల్ అని తయారీలోనే చెక్కి ఉన్న తుపాకి 1887కు ముందుది కాజాలదు. షార్ట్ అని మాత్రమే ఉంటే ఆ తరువాతిది కూడా కావచ్చు, ఎందుకంటే ఆ తూటా ఇప్పటికీ తయారవుతోంది.

అసలు సమాచారం పరీక్ష ముద్రల్లో, అంటే గొట్టం బలాన్ని పేల్చి పరీక్షించాక దానిపై కొట్టే గుర్తుల్లో ఉంటుంది. అవి గొట్టం మొదట్లో, ఒక్కోసారి కర్ర కింద దాగి ఉంటాయి. కిరసనాయిలులో ముంచిన మెత్తటి గుడ్డతో జిడ్డు తుడిచి, సుద్దపొడి అద్ది, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాలు తేలుతాయి. ఇటుకపొడి, గరుకు కాగితం ఎంతమాత్రం పనికిరావు. మా బంధువుల ఇంట్లో ఒక రైఫిల్‌ను దసరా ఆయుధపూజకు ఏటేటా ఇటుకపొడితో తళతళలాడేలా తోమి, ముద్రలో కిరీటం తప్ప మరేమీ మిగల్చలేదు. కిరీటం కింద అడ్డంగా దాటుకున్న రెండు రాజదండాలతో బీపీసీ, వీ అక్షరాలుంటే అది 1904కు ముందరి బర్మింగ్‌హామ్ ముద్ర. కిరీటం కింద బీపీ, బీవీ అని ఉంటే 1904 తరువాతిది. అండాకారంలో ఈఎల్‌జీ అని ఉంటే బెల్జియంలోని లీజ్ నగరపు ముద్ర, దానిపై కిరీటం ఉంటే 1893కు ముందుది కాదు. జర్మన్ రైఫిళ్లలో కిరీటం స్థానంలో గద్ద ముద్ర 1940 నుంచి కనిపిస్తుంది.

గొట్టం మీది కంపెనీ పేరును మాత్రం అన్నింటికంటే చివర నమ్మాలి. కలకత్తాలోని రొడ్డా కంపెనీ పేరు ఉంటే అది అమ్మిన దుకాణం పేరే కావచ్చు, తయారీదారు వేరొకరు కావచ్చు. పేటెంటు తేదీ కూడా ఇలాగే మోసం చేస్తుంది. తుపాకి అంతకు ముందుది కాదని చెబుతుందే గాని, ఆ ఏడే తయారైందని చెప్పదు. మార్టిని అనే బ్రిటిష్ సైనిక రైఫిళ్లను తరువాత .22కు మార్చినవి ఉన్నాయి. వాటి పక్కభాగం మీద వీఆర్ అనే విక్టోరియా రాణి గుర్తు, తయారీ సంవత్సరం కనిపించినా, ఆ సంవత్సరం పాత రైఫిల్‌దే గాని మార్పు జరిగినది కాదు.

చివరగా ఇంటి కాగితాలను చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ జిల్లా పేరుతో జయపురం వారికి ఇచ్చిన లైసెన్సు దొరికితే, ఆ రైఫిల్ 1936కు ముందే ఇంటికి చేరిందని తేలుతుంది. బర్మింగ్‌హామ్ బీపీ ముద్ర కూడా ఉంటే, తయారీ 1904కూ 1936కూ మధ్య జరిగిందన్నమాట.

వయసు తేలినంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదని అనుకోరాదు. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకే వర్తిస్తుంది. లైసెన్సు గడువు తీరినా, యజమాని మరణించినా, దానిని దగ్గరి పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించి రసీదు తీసుకోవాలి.