తొలి ప్రదర్శనకు శిల్పాన్ని సిద్ధం చేసుకోవడం: తిరుపతి శిల్పులకు కొన్ని సూచనలు

తిరుపతిలో ఉలి పట్టడం నేర్చుకున్నవారికి చేతిపని విషయంలో కొత్తగా చెప్పవలసింది పెద్దగా లేదు. దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో చదివినవారైనా, ఏర్పేడు దగ్గరి మాధవమాలలో తండ్రి పక్కన కూర్చుని కొయ్య చెక్కడం నేర్చినవారైనా తాళమానం (విగ్రహంలో అంగాల కొలతల లెక్క) తప్పకుండా విగ్రహాన్ని నిలబెట్టగలరు. అయితే వీరిలో ఎవరైనా సొంత ఆలోచనతో ఒక శిల్పం చేసి, చెన్నైలోనో హైదరాబాదులోనో జరిగే ప్రదర్శనకు పంపాలనుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. గుడిలోని మూర్తి కింద శిల్పి పేరు ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు. గ్యాలరీవారు మాత్రం ఎవరు చేశారు, ఏ సంవత్సరంలో, దేనితో, ఎన్ని ప్రతులు అని ముందుగా అడుగుతారు. ఈ జవాబులను శిల్పంతోపాటే తయారుచేసుకోవాలి.

ముందు ఏ శిల్పాన్ని పంపాలన్నది తేల్చుకోండి. సమకాలీనం అనిపించుకోవడానికి నేర్చిన విద్యను వదులుకోనక్కరలేదు. శిల్పి మీరా ముఖర్జీ విదేశంలో చదివి వచ్చాక కూడా ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వెళ్లి అక్కడి లోహకారుల దగ్గర మైనపు పోత (మైనపు నమూనాకు మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి) నేర్చుకున్నారు. ఆమె కంచు శిల్పాలకు బలం అక్కడి నుంచే వచ్చింది. మన తెలుగువారైన రవీందర్ రెడ్డి ఫైబర్‌గ్లాస్‌తో చేసే భారీ స్త్రీ శిరస్సులలో విప్పారిన కళ్లను, పూలు చుట్టిన కొప్పును చూడండి. గుడి ముందు నిలబడిన అనుభవం ఉన్నవారికి ఆ చూపు పరాయిగా అనిపించదు. మనకు కూతవేటు దూరంలోని గుడిమల్లంలో, క్రీస్తుకు పూర్వపుదని పండితులు చెప్పే సుమారు 5 అడుగుల లింగం మీద నిలువెత్తున చెక్కిన మూర్తి ఉంది. రాతి గుండ్రదనాన్ని చెడగొట్టకుండా ఆ శిల్పి దేహాన్ని ఎలా బయటికి తెచ్చాడో ఒక పూట కూర్చుని పరిశీలిస్తే, ఏ పుస్తకమూ చెప్పని పాఠం దొరుకుతుంది.

నేను చూసిన ఒక పని గురించి చెబుతాను. ఒక యువ శిల్పి ఇంట్లో వాడకం మానేసిన పాత రోలును తీసుకుని, దాని పక్క నుంచి ఒక ముంజేయి మాత్రం బయటికి వచ్చేట్లు చెక్కాడు. తరతరాల వాడకంతో అరిగి నూనె పూసినట్లు నునుపెక్కిన రోలు గుంతను అతడు ముట్టుకోలేదు. చేతిని మాత్రం మెరుగు పెట్టకుండా ఉలి గాట్లతోనే వదిలేశాడు. నునుపంతా ఆ ఇంటి ఆడవాళ్లది, గరుకంతా తనది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ పనికి ప్రాణం పోసింది. మీ దగ్గర ఉన్నవాటిలో ఇలాంటి నిర్ణయం కనిపించే శిల్పం ఒక్కటి చాలు, పది పంపవద్దు.

తరువాత ఫోటోలు. ఎంపిక చేసేవారు మొదట చూసేది వీటినే కాబట్టి ఒక రోజంతా వీటికే కేటాయించండి. వెనుక ముడతలు లేని బూడిదరంగు గుడ్డ కట్టి, ఎండ నేరుగా పడని చోట, ఉదయపు వెలుతురు ఒక పక్క నుంచి జారేట్లు శిల్పాన్ని నిలపాలి. సూటిగా ముందు నుంచి పడే వెలుతురులో నల్లరాయి చెక్కడమంతా చదునుగా కనబడుతుంది, ఫ్లాష్ వేస్తే కంచు మీద తెల్లటి మచ్చలు పడతాయి. కెమెరాను శిల్పం నడిమి ఎత్తులో ఉంచి, ముందూ వెనుకా రెండు పక్కలా తీసి, ఉపరితలం తెలిసేట్లు దగ్గర నుంచి ఒకటి, పక్కన మనిషిని నిలబెట్టి ఒకటి తీయండి.

వివరాల పత్రంలో శీర్షిక, సంవత్సరం, పదార్థం, ఎత్తు-వెడల్పు-లోతు ఈ వరుసలో సెంటీమీటర్లలో, ఆ తరువాత బరువు రాయాలి. పోత శిల్పమైతే ప్రతుల సంఖ్యను మొదటి పోతకు ముందే నిర్ణయించి, ఒక్కొక్క ప్రతి మీదా 1/8 (ఎనిమిదింటిలో మొదటిది), 2/8 అని చెక్కాలి. ఫ్రాన్సు నియమం ప్రకారం 8 ప్రతులు, శిల్పి కోసం మరో 4, మొత్తం 12 వరకే మూల శిల్పాలుగా లెక్క. చాలా దేశాల గ్యాలరీలు ఈ పద్ధతినే పాటిస్తాయి. సంఖ్య ప్రకటించాక అమ్ముడుపోతున్నదని ఇంకొకటి పోత పోస్తే, ముందు కొన్నవారికి అన్యాయం చేసినట్లే.

శిల్పం గురించి రాసే మాటలు 150కి మించనక్కరలేదు. ‘మానవ అస్తిత్వపు అంతర్మథనం’ వంటి మాటలు ఎవరి శిల్పానికైనా అతుకుతాయి, కాబట్టి మీ శిల్పం గురించి ఏమీ చెప్పవు. రాయి ఎక్కడిది, ఏ పనిముట్టు వాడారు, ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు అన్నవి ఇంట్లో చెప్పినట్లే రాయండి.

ప్యాకింగు గురించి నా అనుభవం చెప్పాలి. ఒకసారి కాల్చిన మట్టితో చేసిన శిరస్సును గడ్డి చుట్టి, మేకులు కొట్టిన చెక్కపెట్టెలో చెన్నైకి లారీలో పంపాను. అక్కడ పెట్టె తెరిచేసరికి ఎడమ చెవి ఊడి గడ్డిలో పడి ఉంది. పంపేముందు తీసిన ఫోటోలు, శిల్పం ఏ స్థితిలో ఉందో రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేసిన స్థితి పత్రం నా దగ్గర లేకపోవడంతో, అది దారిలో విరిగిందో ముందే విరిగిందో తేల్చలేమని గ్యాలరీవారు అన్నారు. తప్పు నాదే. అప్పటి నుంచి ఫోమును శిల్పం ఆకారానికి కోసి బిగిస్తున్నాను, పెట్టెకు మేకులకు బదులు స్క్రూలు వాడుతున్నాను, మూత లోపలి వైపు ఎలా తెరవాలో చూపే ఫోటో అంటిస్తున్నాను. చేతులు, ప్రభావళి వంటి పొడుచుకువచ్చిన భాగాల మీద బరువు పడకూడదు, వాటిని పట్టుకుని ఎత్తకూడదు. ఘనపుటడుగు నల్లరాయి సుమారు 75 నుంచి 85 కిలోలు తూగుతుంది కాబట్టి, ఎందరు మోయాలో పెట్టె మీదే రాయండి. ఎర్రచందనం శిల్పమైతే ఆ కొయ్యకు సంబంధించిన అటవీ శాఖ పత్రాలు లేకుండా బండి ఎక్కించవద్దు. విదేశానికి పంపే శిల్పం పాతకాలపు విగ్రహంలా కనిపిస్తే, అది పురావస్తువు కాదని పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. నూరేళ్లు దాటిన శిల్పాలను దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం నిషేధిస్తుంది.

ఒప్పందం లేకుండా శిల్పం ఇవ్వవద్దు. గ్యాలరీ వాటా అమ్మకం ధరలో సగం వరకు ఉండవచ్చు. రవాణా, బీమా ఎవరివి, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, అమ్ముడుపోకపోతే ఎప్పుడు తిరిగి పంపుతారు అన్నవి కాగితం మీద ఉండాలి. శిల్పాన్ని అమ్మినంత మాత్రాన కాపీరైటు కొన్నవారికి వెళ్లదు, దానికి వేరే రాతపూర్వక బదిలీ కావాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు శిల్పాన్ని 1979లో తొలగించి గోదాములో పడేస్తే ఆయన కోర్టుకు వెళ్లారు. కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్ ఆధారంగా ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. కొన్నవారు శిల్పాన్ని పాడుచేస్తే అడిగే హక్కు శిల్పికి ఉందని ఆ తీర్పు చూపింది.

ప్రదర్శన ముగిసి శిల్పం ఇంటికి వచ్చిన రోజున, లారీ వెళ్లకముందే పెట్టె తెరిచి, పంపినప్పటి ఫోటోలతో ఒక్కొక్క అంచూ పోల్చి చూసుకున్నాకే రసీదు మీద సంతకం పెట్టండి.