బ్యాంకులో షేర్లు ఎవరివో కాదు, ఓటు ఎవరిదో చూడండి

లిస్టెడ్ బ్యాంకు ఏదైనా, క్వార్టర్ ముగిసిన 21 రోజుల్లోపు షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ (ఎవరి చేతిలో ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టిక) ఎక్స్ఛేంజీలకు ఇవ్వాలి. బీఎస్‌ఈ సైట్‌లో ఆ బ్యాంకు పేజీలోనే దొరుకుతుంది. చాలామంది ప్రమోటర్ (కంపెనీని పెట్టి నడిపించే పెద్ద వాటాదారు) శాతం చూసి మూసేస్తారు. బ్యాంకు విషయంలో అది చాలదు, ఇక్కడ వాటా వేరు, ఓటు వేరు.

కాబట్టి ప్రతి పెద్ద వాటా పక్కన దానికున్న ఓటు ఎంతో రాసుకోండి. ప్రైవేటు బ్యాంకులో ఒకరి ఓటు 26 శాతం దాటదు. ప్రభుత్వ బ్యాంకుల్లో కేంద్రానికి తప్ప ఇంకెవరికీ 10 శాతం మించదు. ఒక్కోసారి ఆర్‌బీఐ ఇంకా కోత పెడుతుంది: కోటక్ మహీంద్రా బ్యాంక్‌లో దాని ప్రమోటర్ ఉదయ్ కోటక్ వాటా 26 శాతం దాకా ఉండొచ్చని ఒప్పుకుంటూనే, 2020 ఏప్రిల్ 1 నుంచి ఓటును 15 శాతానికి కట్టేసింది. ప్రమోటరే ఎండీ అయితే ఎన్నేళ్లుగా కుర్చీలో ఉన్నారో కూడా లెక్కపెట్టండి. 2021 నియమం ప్రకారం 12 ఏళ్లు, ఆర్‌బీఐ దయతలిస్తే 15.

జాతీయం చేసిన బ్యాంకైతే లెక్క తేలిక. ప్రభుత్వ వాటా 60 అయినా 90 అయినా ఎండీని వేసేది కేంద్రమే. మిగతా వాటాదారులు ఎన్నుకునేది ఒకరి నుంచి ముగ్గురు డైరెక్టర్లను: వాళ్ల వాటా 16 శాతం వరకు ఒకరు, 32 వరకు ఇద్దరు, ఆపైన ముగ్గురు. ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది కేంద్రం నోటిఫై చేసిన స్కీముతో. 1000 షేర్లకు 325 ఇచ్చారు, వాటాదారుల ఓటింగ్‌తో పనిలేదు. అయినా 90 శాతాన్ని పట్టించుకోవాల్సిన కారణం ఒకటుంది. 25 శాతం జనం చేతిలో ఉండాలన్న సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నియమం అందుకోవాలంటే కొత్త షేర్లు జారీ చేయాలి, లేదా ప్రభుత్వం అమ్మాలి. రెండిట్లోనూ మార్కెట్‌లోకి షేర్లు వచ్చిపడతాయి.

అసలు జాగ్రత్త ప్రమోటర్ లేని, వాటాలు చెల్లాచెదురైన చిన్న ప్రైవేటు బ్యాంకు దగ్గర. 100 కోట్ల షేర్లలో 40 కోట్లే ఓటేశాయనుకోండి. ఎండీ నియామకం సాధారణ తీర్మానమైతే, 20 కోట్లకు పైన వ్యతిరేకత వస్తే ఓడిపోతుంది. 2020 సెప్టెంబర్ 25న లక్ష్మీ విలాస్ బ్యాంక్‌లో ఎండీతో సహా ఏడుగురు డైరెక్టర్లను ఇలాగే తిప్పి పంపారు. ఐదు రోజులకు ధనలక్ష్మి బ్యాంక్‌లో ఆర్‌బీఐ ఆమోదించిన ఎండీకీ అదే గతి. ఓటు గెలిస్తే బ్యాంకు బాగుపడుతుందనుకోకండి: లక్ష్మీ విలాస్ నవంబర్‌లో డీబీఎస్‌లో కలిసిపోయింది, షేర్ల విలువ సున్నా.

కొత్త మూలధనానికి క్యూఐపీ (పెద్ద సంస్థలకు నేరుగా కొత్త షేర్లు అమ్మడం) లాంటి దానికి ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో 75 శాతం రావాలి. 60 శాతమే పోలైతే మొత్తం ఓట్లలో 15 శాతం దాటిన వ్యతిరేకతే దాన్ని ఆపేస్తుంది. అలాంటి జట్టు ఉందా అని వెతకడానికి, పబ్లిక్ పట్టికలో 1 శాతం, ఆపైన ఉన్నవాళ్ల పేర్లు చదవండి. ఒకే గ్రూపు ఫండ్లు వేర్వేరు వరుసల్లో కూర్చుంటాయి, కలిపి చూడకపోతే దొరకవు. తాకట్టు షేర్ల కాలమ్ కూడా వదలొద్దు. ప్రమోటర్ అప్పు మునిగితే ఆ షేర్లు బజారుకెళ్తాయి, బోర్డులో బలం ఒక్క నెలలో తారుమారు కావచ్చు.

చివరగా ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) ఓటింగ్ ఫలితాలు. మీటింగ్ ముగిసిన రెండు పని దినాల్లో వస్తాయి. అందులో మ్యూచువల్ ఫండ్ల లాంటి సంస్థల వ్యతిరేక ఓట్లు విడిగా ఉంటాయి. తీర్మానం నెగ్గిందా లేదా అన్నదానికంటే, ఎండీ జీతం మీద ఆ శాతం కిందటేడు ఎంత, ఈ ఏడు ఎంత అన్నదే నా లెక్కలో పనికొచ్చే అంకె.