దేవమాలి కొండ మీద పెనం టిఫిన్: ఎక్కడ చెడుతుంది, ఎలా దారికి తేవాలి

చలికాలం మొదలైతే ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, సిమిలిగుడ, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్లు చీకటితోనే బయల్దేరి దేవమాలి ఎక్కుతారు. వనభోజనాలకి పులిహోర కట్టుకెళ్లే అలవాటు ఎక్కడికీ పోలేదు గానీ, ఇప్పుడు చాలా కార్ల డిక్కీల్లో బొగ్గుల గ్రిల్లు, బరువైన పోత ఇనుప పెనం కూడా ఉంటున్నాయి. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, చికెన్ సాసేజ్ ముక్కలు ఒకే పెనంలో వేయించి, పైన గుడ్లు కొట్టి బ్రెడ్డుతో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే రాదు.

ఇంట్లో గ్యాస్ మీద చక్కగా కుదిరే ఈ వంట కొండ మీద మొరాయిస్తుంది. దుంపలు బాలేవనో, పెనం పాడైందనో అనుకుంటారు. ముందు చూడాల్సింది నిప్పుని. నిప్పు తయారవకముందే పెనం పెట్టడం, పెనం కాగకముందే దుంపలు వేయడం: ఈ రెండు తొందరలు మానితే సగం టెన్షన్ తగ్గుతుంది. కింద చెప్పినవి నలుగురికి సరిపడే కొలత మీద: 12 అంగుళాల పెనం, అరకిలో దుంపలు, 2 ఉల్లిపాయలు, 6 గుడ్లు.

దుంపలు పైన మాడాయి, లోపల పచ్చిగా ఉన్నాయి

అందరికీ ఎదురయ్యేది ఇదే. ఒక ముక్కని అట్లకాడతో మధ్యకి కోసి చూడండి. అంచున నల్లటి గీత, దాని వెనక పలచగా మెత్తబడ్డ పొర, నడుమ తెల్లగా, గోరు దిగనంత గట్టిగా ఉంటే మంట ఎక్కువైందన్నమాట. బొగ్గు ఇంకా మంటతో మండుతుండగానే పెనం ఎక్కించి ఉంటారు. బొగ్గు పైన నివురు పట్టి, లోపల ఎర్రగా కణకణలాడేదాకా ఆగాలి. అంటించిన దగ్గర్నుంచి 20 నిమిషాలు పడుతుంది, మంచు కురిసిన పొద్దున ఇంకాస్త ఎక్కువ. జాలీకి జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి చూడండి. నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే దుంపలకి సరైన వేడి. రెండు సెకన్లకే చెయ్యి లాగేస్తే ఆగండి.

రెండో కారణం ఎత్తు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు. సుమారు 300 మీటర్లకో డిగ్రీ చొప్పున నీళ్లు మరిగే వేడి తగ్గుతూ వస్తుంది. కోరాపుట్ ఊళ్లోనే 97 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు శిఖరం దగ్గర 95కి అటూ ఇటూగా మరుగుతాయి. పెనం ఎంత కాలినా దుంప లోపలున్నది నీళ్లే కాబట్టి, నడిభాగం ఆ వేడి దాటదు. అందుకే ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆలోగా పైపొర మాడిపోతుంది. దీనికి మందు ఇంటి దగ్గరే ఉంది. ముందురోజు రాత్రి దుంపల్ని ఉప్పునీళ్లలో ముప్పావు వంతు ఉడికించి, నీళ్లు వంపేసి, ఆరాక డబ్బాలో పెట్టుకోండి. పొద్దున అంగుళంలో సగం సైజు ముక్కలుగా కోస్తే కొండ మీద వేయించే పనే మిగులుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోరు: టమాటా. పచ్చి దుంపల్లో టమాటా ముందే వేస్తే ఆ పులుపు దుంపని మెత్తబడనివ్వదు, ఎంతసేపు మగ్గించినా కొరుకుడు పడదు. పైగా పెనానికి పట్టిన నూనె పూతని కూడా పులుపు తినేస్తుంది. టమాటా కావాలంటే చివర్లో, దుంప మెత్తబడ్డాకే వేయండి.

ఫ్రిజ్‌లోంచి తీసుకెళ్లిన దుంపలైతే ఇంకో చిక్కు. చల్లదనంలో ఉన్న దుంపలో కొంత పిండి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర వల్ల లోపల ఉడక్కముందే పైన నల్లబడుతుంది. కుందులి సంతలో కొన్న దుంపల్ని బుట్టలోనే, చీకటిగా ఉండే మూల ఉంచండి.

ముక్కలు పెనానికి అంటుకుపోయి ముద్దవుతున్నాయి

పెనం చాలినంత కాగలేదు, లేదా తడి ముక్కలు వేశారు, లేదా పెనం నిండా కుక్కారు. కుక్కితే దుంపలోంచి వచ్చే ఆవిరి బయటికి పోదు, వేగాల్సినవి ఉడికిపోతాయి. అరకిలోకి మించితే రెండు వాయిలుగా వేయించండి. పెనం మీద నీటి చుక్క చల్లితే అది సుయ్యిమని అక్కడే ఇంకిపోతే ఇంకా కాగాలి. పూసలా అటూ ఇటూ పరుగెత్తితే నూనె వేసి, వెంటనే ముక్కలు వేయండి. ఇక కలపొద్దు. మూడు నాలుగు నిమిషాలు చెయ్యి కట్టుకు కూర్చోవడం కష్టమే, కానీ అడుగున పొర గట్టిపడితే ముక్క తనంతట తనే పెనాన్ని వదులుతుంది. అట్లకాడ తోస్తే కదలని ముక్కని గీకకండి, ఇంకో నిమిషం ఇవ్వండి. ఉప్పు కూడా రంగు వచ్చాకే చల్లాలి.

నడుమ మాడుతోంది, అంచులు చల్లగా ఉన్నాయి

పోత ఇనుము వేడిని బాగా నిలుపుకుంటుంది గానీ, పక్కలకి త్వరగా పంచదు. నిప్పు ఎక్కడుంటే అక్కడే కాలుతుంది. పెనాన్ని సన్న నిప్పు మీద పదినిమిషాలు ఖాళీగా కాగనిచ్చి, మధ్యమధ్యలో పావు వంతు తిప్పుతూ ఉండాలి. కొండ మీద గాలి ఒకవైపు నుంచే కొడుతుంది కాబట్టి ఆ వైపు బొగ్గు ఎక్కువ రాజుకుంటుంది. కారుని గాలికి అడ్డంగా ఆపి, దానికి నాలుగడుగుల దూరంలో గ్రిల్లు పెట్టుకుంటే మేలు.

ఇక్కడే ఇంకో అలవాటు చేసుకోండి. బొగ్గంతా గ్రిల్లులో సమానంగా పరచకుండా మూడింట రెండు వంతులు ఒక పక్కకి నెట్టండి. ఒకవైపు వేయించడానికి, ఇంకోవైపు మగ్గించడానికి పనికొస్తుంది. మంట పెంచి తగ్గించడానికి గ్యాస్ పొయ్యికి ఉన్న పిడి గ్రిల్లుకి లేదు కదా, పెనాన్ని అటూ ఇటూ జరపడమే మన పిడి.

గుడ్డు అడుగున తోలు, పైన నీళ్లు

దుంపలకి పెట్టిన వేడి మీదే గుడ్లు కొట్టారన్నమాట. తెల్లసొన 62 డిగ్రీల దగ్గరే గట్టిపడడం మొదలవుతుంది, దానికి అంత నిప్పు అక్కర్లేదు. పైగా చలిగాలికి పైభాగానికి వేడి అందదు. పెనాన్ని నిప్పు తక్కువున్న వైపు జరిపి రెండు నిమిషాలు ఆగండి. దుంపల మధ్య గుంటలు చేసి, గుంటకో గుడ్డు కొట్టి, స్టీలు పళ్లెం బోర్లించండి. లోపల ఆవిరికి పైన కూడా కుదురుకుంటుంది. మూడు నిమిషాలకి మూత తీసి చూడండి. సొన తెల్లబడి, పచ్చసొన ఇంకా కదులుతుంటే దించేయొచ్చు. పెనంలో మిగిలిన వేడి మిగతా పని చేస్తుంది. పిల్లలకీ వయసు పైబడ్డవాళ్లకీ మాత్రం పచ్చసొన గట్టిపడేదాకా ఉంచండి.

బొగ్గు రాజుకోవడం లేదు, ఒకటే పొగ

రాత్రంతా మంచులో ఉన్న సంచి అయితే బొగ్గు చెమ్మ పీల్చి ఉంటుంది. బొగ్గుని మూతి బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, కారు లోపలే ఉంచండి. గ్రిల్లు అడుగున గాలి వచ్చే కన్నాలు పాత బూడిదతో మూసుకుపోయాయేమో చూడండి. కిరోసిన్ పోయకండి, ఆ వాసన గుడ్డుకి పట్టిందంటే వదలదు. హారతి కర్పూరం, ఎండు కొబ్బరి పీచు చాలు. చుట్టుపక్కల దొరికిన పుల్లలు ఏవి పడితే అవి వేయకండి. నీలగిరి ఆకుల్లో నూనె ఉంటుంది, ఘాటు వాసన పడుతుంది. గన్నేరు విషం, దాని పుల్ల పొయ్యి దగ్గరికే రానివ్వకూడదు.

చేదుగా ఉంది

నూనె మాడింది లేదా మసాలా మాడింది. వెన్నతో మొదలుపెడితే 150 డిగ్రీలు దాటగానే మాడుతుంది. ఆవనూనె, రిఫైన్డ్ వేరుశనగ నూనె, నెయ్యి అంతకన్నా ఎక్కువ వేడికి తట్టుకుంటాయి. వెల్లుల్లి, కారం, జీలకర్ర పొడి గుడ్లు కొట్టే ముందు వేస్తే చాలు. సాసేజ్ ముక్కలు ముందు వేయించి పక్కన పెట్టి, ఆ కొవ్వులోనే దుంపలు వేస్తే రుచి వేరే.

నాన్‌స్టిక్ పెనం మాత్రం బొగ్గు మీద వద్దు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత విడిపోతుంది, పొగ ఒంటికి మంచిది కాదు. బొగ్గు మీద ఖాళీ పెనం ఆ వేడి సులువుగా దాటేస్తుంది.

గ్యాస్ గ్రిల్లు మంట సన్నబడింది

చలికి సిలిండర్‌లో ఒత్తిడి పడిపోతుంది. వాడేకొద్దీ లోపలి ద్రవం ఇంకా చల్లబడుతుంది. సిలిండర్‌ని చల్లని రాతి మీద కాకుండా చెక్క మీద, గాలి తగలని చోట పెట్టండి. నిప్పు దగ్గర వేడిచేయడం, వేడినీళ్లు పోయడం లాంటివి అసలు చేయొద్దు.

టెంట్‌లో తలనొప్పి, మగత

ఇది వంట సమస్య కాదు, ప్రాణం సమస్య. చలేస్తోందని నిప్పులున్న గ్రిల్లుని టెంట్‌లోకో కారులోకో తెస్తున్నారు. దయచేసి తేవద్దు, తలుపు కాస్త తెరిచి ఉంచినా వద్దు. నివురు కప్పి ఆరిపోయినట్టున్న బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండడం, నిద్ర ముంచుకురావడం కనిపిస్తే వెంటనే అందర్నీ బయటికి లాగి 108కి ఫోన్ చేయండి. పడుకున్నవాళ్లని "కాసేపు పడుకోనీ" అని వదిలేయకండి.

పెనం పగిలింది, తుప్పు పట్టింది

కాలే పెనం మీద చల్లని నీళ్లు పోస్తే పోత ఇనుము బీట తీస్తుంది. గోరువెచ్చగా అయ్యాక కడిగి, నిప్పు మీద తడి ఆర్చి, నూనె గుడ్డతో పలచగా తుడిచి పెట్టండి. పిడి కూడా పెనమంత కాలుతుంది, మసిగుడ్డ మడతపెట్టి పట్టుకోవాలి. గుడ్డ తడిగా ఉంటే ఆవిరికి చెయ్యి కాలుతుంది, జాగ్రత్త.

దిగేముందు నిప్పుల సంగతి. కొండ మీద గడ్డి చలికాలం చివరికి ఎండిపోయి ఉంటుంది. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. బూడిద దగ్గర చెయ్యి పెడితే వేడి తగలనప్పుడే డబ్బాలోకి ఎత్తండి.