గీజరు నిజంగా ఎన్ని వాట్లు లాగుతోంది?

గీజరు ఆన్‌లో ఉండగా రెండు కొలతలు కావాలి. మల్టీమీటరును ఏసీ వోల్టులకు తిప్పి సాకెట్ దగ్గర వోల్టేజీ చూడండి. కరెంటుకు క్లాంప్ మీటర్ (వైరు తెంచకుండా దాని చుట్టూ పట్టి కొలిచే మీటరు) వాడండి. దాని దవడ ఫేజు వైరు ఒక్కదాని చుట్టూనే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది.

230 వోల్టులు, 8.7 ఆంపియర్లు వచ్చాయనుకుందాం. గుణిస్తే పవర్: సుమారు 2,000 వాట్లు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్: 26.4 ఓములు.

సాయంత్రం వోల్టేజీ 210కి పడిపోతే? కాయిల్ ఓములు పెద్దగా మారవు కాబట్టి కరెంటు 7.95కి తగ్గుతుంది, పవర్ 1,670 వాట్లకు దిగుతుంది. వోల్టేజీ తగ్గింది 9 శాతమే, వేడి మాత్రం 17 శాతం పోయింది. నీళ్లు కాగడం లేదని కాయిల్ మార్చేముందు ఈ లెక్క చూసుకోవడం మేలు.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి ప్లగ్ పిన్నులు చిలుం పడతాయి. అక్కడ అర ఓము అడ్డు చేరినా, కరెంటు వర్గాన్ని 0.5తో గుణిస్తే దాదాపు 37 వాట్లు. అంత వేడి ఆ చిన్న చోటే పుడితే సాకెట్ కరగక ఏం చేస్తుంది! మెయిన్ ఆపి, పిన్నులు శుభ్రం చేసి, స్క్రూలు బిగించండి. నల్లబడిన సాకెట్‌ను మార్చేయాల్సిందే.

ఫ్యాను, ఏసీలకు వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే సరిపోదు. పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ లబ్ధంలో నిజంగా పవర్‌గా మారే వంతు) కూడా గుణించాలి. సప్లై ఉండగా ఓముల రేంజిలో మాత్రం ఎప్పుడూ కొలవకండి.